తుడిచేసిన చుక్క

"అదేం పెద్ద విద్య కాదు సిస్టర్. ఫోటోలో పక్కనున్న ఇసక కొంచెం తీసి దాని మీద అద్దడమే. గోడకి మేకు చిల్లు పడితే పూడ్చి రంగేస్తాం చూడండి, అలాగ."

"అద్దితే, కింద ఉన్నది ఏమవుతుంది?"

"ఏమీ అవదు. కనపడదు, అంతే."

మధ్యాహ్నం మూడు దాటింది. ఫోటో స్టూడియో వెనక గదిలో కంప్యూటరు ముందు ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకావిడ స్టూడియో ఆయన భార్య. ఆయన తీసిన ఫోటోలకి రంగులు దిద్దేది ఆవిడే. రెండో ఆమె కంటి ఆసుపత్రి నర్సు. డ్యూటీ దిగి, యూనిఫారమైనా మార్చుకోకుండా నేరుగా వచ్చింది. ఏమీ కొనడానికి రాలేదని ఇంకా చెప్పలేదు.

"ఇంతకీ మా ఫోటో మీకెక్కడ కనపడింది?"

"మా ఆసుపత్రిలోనే. బయట బెంచీలకి ఎదురు గోడ మీద."

"ఓ, మీ పెద్ద డాక్టరుగారు మూడు పట్టుకెళ్ళారు. ఎడారివి మూడూ. ఏది, పెద్దదా?"

"పెద్దదే. కింద 'ఎవరూ లేని సాయంత్రం' అని రాసుంది."

"ఆ పేరు నేను పెట్టిందే. మా ఆయనైతే నంబరేసి ఊరుకుంటారు. పేరు లేకుండా గోడకెలా తగిలిస్తారండీ అని నేనే పోట్లాడి పెట్టా. బాగుందా?"

"రోజూ చూస్తున్నాను. పేషెంట్లకి చుక్కలేసి అరగంట అక్కడే కూర్చోబెడతాం. కళ్ళు మసకబారిపోతాయి కదా, ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. ఒక పెద్దాయన, ఎక్కడమ్మా మంటలు అన్నాడు. ఇంకొకావిడ, బొప్పాయి ముక్క ఎంత బాగుందో అంది."

"బొప్పాయా? మా ఆయనకి చెప్పకండి. రెండ్రోజులు భోజనం మానేస్తారు."

"ఆ రంగు నిజంగా అలాగే ఉంటుందా?"

"ఏం నిజంలెండి. కెమెరా ఇచ్చేది ఉతకని దుప్పటిలా ఉంటుంది. మనం కొంచెం వేడి పెంచి, నీడలు కాస్త దించి, ఆకాశం పైన నీలం ఉంచి కింద నారింజ తేవాలి. మరీ తెస్తే ఏడుస్తుంది. నాకు దీనికి రెండు రోజులు పట్టింది. పెళ్ళి ఆల్బం పక్కన పెట్టి మరీ చేశా."

"అసలుది చూడొచ్చా? మీరేమీ చెయ్యకముందుది."

"దానికేం భాగ్యం. కానీ చూస్తే ఇంక గోడ మీదది నచ్చదు మీకు. మేకప్ లేకుండా పెళ్ళికూతుర్ని చూసినట్టుంటుంది."

"పర్లేదు. చూపించండి."

"ఉండండి... ఇదిగో."

"ఇదేనా."

"చెప్పానా. ఇదిగో ఇక్కడ మబ్బు మురిగ్గా ఉంది, తేటగా చేశా. ఇక్కడ ఇసక మీద పురుగు పాకిన గీతలు, అవి తీసేశా. ఇవిగో, కరెంటు టవర్లు. అందమైన చోట ఎవరో గరిటెలు గుచ్చినట్టు. మూడు టవర్లూ, వాటి తీగలూ, అన్నీ ఎత్తేశా."

"నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు."

"ఏంటవి?"

"టవర్ల నంబర్లు."

"మీకెలా తెలుసు?"

"మా ఆయనది లైను పని. ఇంకేం తీసేశారండీ?"

"ఇంకేం... అంతే. ఆ, ఎడమ పక్కన ఒక చుక్క ఉండేది. అదొకటి."

"చుక్కా?"

"నల్లగా. ముళ్ళ తుప్పో, రాయో. మా ఆయనే చూసి, ఇది తీసెయ్ అన్నారు. నాకు తీసెయ్యడం, పెట్టడం రెండూ నిమిషం పని. మొన్నొక పెళ్ళిలో అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు, పెద్దాయన పెళ్ళికే రాలేదు. తీసుకొచ్చి తమ్ముడి పక్కన నిలబెట్టా. భుజం మీద చెయ్యి కూడా వేయించా. ఆ ఫోటో చూసి వాళ్ళమ్మ ఏడ్చిందట."

"ఆ చుక్క ఎక్కడుందో చూపిస్తారా?"

"ఇక్కడే ఎక్కడో... ఇదిగో. ఇసక దిబ్బ అంచున."

"పెద్దది చెయ్యండి."

"గళ్ళు గళ్ళుగా అయిపోతుంది సిస్టర్."

"అయినా చెయ్యండి. ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు."

"ఆగండి... కాళ్ళున్నాయే. మనిషిలా ఉంది."

"తుప్పకి నీడ అంత పొడుగుండదు."

"నిజమే. రెండు రోజులు దీని మీదే కూర్చున్నా, నా కళ్ళెక్కడున్నాయో. ఎవరో నడుస్తున్నట్టున్నాడు."

"హెల్మెట్ ఎడం చంకలో ఉంది."

"మీకెలా కనపడుతోంది? నాకు నలుపు తప్ప ఏం లేదు."

"నడుం పక్కన ఉబ్బుగా ఉంది చూడండి. అలాగే పట్టుకుంటాడు. పాపని కూడా అలాగే ఎత్తుకునేవాడు, మూటలాగ. అది కాళ్ళాడించి గోల చేసేది."

"ఎవరు?"

"మా ఆయన."

"అమ్మో. మీ ఆయనా? చూడండి విచిత్రం. ఆయనకి తెలుసా, మా ఫోటోలో పడ్డట్టు?"

"లేడండీ."

"ఊళ్ళో లేరా?"

"లేడు. ఆ రోజు డ్యూటీకి వెళ్ళినవాడు. మూడో రోజు దొరికాడు."

"దొరకడమంటే..."

"అంతే."

"అయ్యో తల్లీ. నేనేమో దుప్పట్లు, బొప్పాయిలు అంటూ ఇకఇకలాడుతున్నా."

"బొప్పాయి అన్నది నేను. పర్లేదు."

"నేను తుడిచేశానే. నా చేత్తో."

"మీకు తెలీదు కదా. ఫోటో కింద మూల తేదీ రాసుంది. ఆ తేదీ చూసే వచ్చాను. నలభై రోజులు దాని ముందు తిరిగాక ఒకరోజు చూశాను, అద్దం తుడుస్తుంటే. అదే తేదీ. ఆ రెండు మూపుల దిబ్బ నాకు తెలుసు, అక్కడికే తీసుకెళ్ళి చూపించారు ఆఫీసువాళ్ళు. ఆ రోజు తీసిన ఫోటోలన్నీ ఉన్నాయా మీ దగ్గర?"

"ఉన్నాయి. చాలా ఉన్నాయి. కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి రెండు నిమిషాలకొకటి తీస్తారు, సూర్యుడు మునిగేదాకా. కానీ సిస్టర్, అవన్నీ ఇప్పుడు మీరు..."

"చూస్తాను."

"వద్దనను. ఆయన్ని రానివ్వండి. ఆయన పక్కనుంటే బాగుంటుంది. ఈ పాటికి వచ్చేయాలి, స్కూలు పిల్లల ఐడీ కార్డు ఫోటోలకి వెళ్ళారు."

"ఆ రోజు ఆయనొక్కరే వెళ్ళారా?"

"ఎప్పుడూ ఒక్కరే. నేను వెళ్తే మాట్లాడతానని తీసుకెళ్ళరు. ఇప్పుడు అసలు వెళ్ళడమే మానేశారు, నాలుగు నెలలైంది. నడుం నొప్పంటారు. ఏమో. సిస్టర్, మంచినీళ్ళు తాగండి. గ్లాసు అలాగే ఉంది."

ముందు గది తలుపు చప్పుడైంది. స్టూడియో ఆయన భుజాన కెమెరా సంచీతో లోపలికి వచ్చాడు.

"మూడొందల మంది పిల్లలే. ఒక్కడు కూడా కళ్ళు తెరిచి ఉంచడు. ఏమే, కొంచెం టీ... ఓ. ఎవరో ఉన్నారా. నమస్తే అమ్మా."

"నమస్తే సార్."

"ఈవిడ కంటి ఆసుపత్రి సిస్టరండీ."

"ఆసుపత్రా? ఏమైంది, ఫ్రేము ఊడిందా? నేను మేకు గట్టిగానే కొట్టించానమ్మా. లేకపోతే రేపు మనిషిని పంపిస్తా."

"ఊడలేదు సార్. బాగానే ఉంది."

"ఏవండీ, కూర్చోండి."

"కూర్చుంటాలే. ఏంటది స్క్రీను మీద?"

"అదేనండీ. ఎవరూ లేని సాయంత్రం."

"ఆ ఫోల్డరు తీసెయ్యమన్నాను కదా నీకు."

"తీసెయ్యలేదు."

"ఎందుకు తీసెయ్యలేదు?"

"నేనేదీ తీసెయ్యను. మీకు తెలీదా? నాలుగేళ్ళ కిందట తెగిపోయిన సంబంధం వాళ్ళ నిశ్చితార్థం ఫోటోలు కూడా ఉన్నాయి నా దగ్గర. ఏవండీ, ఆ రోజు మీరు తీసెయ్యమన్న చుక్క ఉంది చూడండి. అది మనిషట. ఈవిడ వాళ్ళాయనట."

"ఈవిడకి మంచినీళ్ళిచ్చావా?"

"ఇచ్చా."

"కూల్‌డ్రింకేమైనా తెప్పించనా అమ్మా?"

"వద్దు సార్. మీరు పేపర్లో చూసుంటారు. చిన్నదే వేశారు. లైన్‌మన్ గురించి."

"పేపరు నేను పెద్దగా చదవను."

"అదేంటండీ, రోజూ చదువుతారుగా, చివరి పేజీతో సహా."

"ఆ వారం చదవలేదు."

"ఏ వారం?"

"నువ్వు కొంచెం ఊరుకుంటావా."

"సార్, నేను గొడవకి రాలేదు. కేసు పెట్టడానికీ రాలేదు. నాకు ఫోటోలు చూడాలి, అంతే. చూసి వెళ్ళిపోతాను."

"చూస్తే ఏం వస్తుందమ్మా. ఆ చుక్క ఆయనేనని ఏముంది. అక్కడ మేకలవాళ్ళు తిరుగుతారు, టూరిస్టులు తిరుగుతారు."

"హెల్మెట్ ఉంది సార్."

"అంత దూరం నుంచి అది హెల్మెటో, మూటో..."

"నాకు తెలుస్తుంది సార్. చెప్పేస్తాను, మీకూ అర్థమవుతుంది. ముందురోజు గాలిదుమారం వచ్చింది. లైనెక్కడో దెబ్బ తింది, చూసి రమ్మన్నారు. ఆ వైపు ఆయనది కాదు, ఇంకొకాయనది, సెలవులో ఉన్నాడు. దుమారానికి బాటంతా ఇసక కప్పేసింది. నలభై రెండో టవరు దగ్గర బండి ముందు చక్రం కూరుకుపోయింది. ఇంతవరకూ అందరికీ తెలుసు."

"మరి తెలియంది?"

"బండికి నీళ్ళ సీసా తగిలించి ఉంది. సగం పైన నీళ్ళున్నాయి. ఫోను సంచీలో పెట్టి, సంచీ హేండిలుకి తగిలించాడు. అక్కడ సిగ్నల్ లేదులెండి. తాళం బండికే ఉంది. అన్నీ వదిలేసి వెళ్ళాడు. ఆరు కిలోమీటర్ల దూరంలో దొరికాడు, దక్షిణం వైపు. అటు ఏమీ లేదు సార్. రోడ్డు లేదు, ఊరు లేదు, లైను కూడా లేదు. పదమూడేళ్ళు ఆ పనిలో ఉన్న మనిషి నీళ్ళు వదిలేసి, ఏమీ లేని వైపు ఎందుకు పోతాడు? కావాలనే పోయాడన్నారు."

"ఎవరన్నారు?"

"ముందు ఆఫీసులో అన్నారు. నోటితోనే, కాగితం మీద కాదు. తర్వాత చుట్టాలు. ఆఖరికి మా అత్త. ఇంట్లో ఏం జరిగింది అని అడిగింది నన్ను."

"ఏం జరిగింది సిస్టర్? చెప్పకపోయినా పర్లేదు."

"ఆఫీసులో టవర్లకేసే రంగు డబ్బా మిగిలిందట. బూడిద రంగు. తెచ్చి హాలు గోడలకి వేసేశాడు, నేను డ్యూటీకి వెళ్ళినప్పుడు. వచ్చి చూస్తే ఇల్లు ఇల్లులా లేదు. ఇది ఇల్లా, జైలా అన్నాను. తుప్పు పట్టదు అన్నాడు. గోడకి తుప్పేంటి అన్నాను. నవ్వితే అయిపోయేది. ఎవరం నవ్వలేదు. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. ఐదో రోజు వెళ్ళాడు."

"దానికెవరైనా..."

"అదే నేనూ అనుకుంటాను. మళ్ళీ, నాలుగు రోజులు తక్కువా అనుకుంటాను. పాపకి ఎనిమిదేళ్ళు. మా ఆడపడుచు పిల్లలు దానికి చెప్పారు, మీ నాన్న మీ అమ్మ మీద కోపంతో వెళ్ళిపోయాడని. నన్నేమీ అడగలేదు అది. గోడ వైపు తిరిగి పడుకుంటుంది."

"మీరు గోడలకి రంగు మార్పించారా?"

"లేదు. అలాగే ఉంది."

"సిస్టర్, ఏడవండి కాసేపు. ఇక్కడ మేమే ఉన్నాం."

"రావట్లేదండీ. మేము కంట్లో మత్తు చుక్క వేస్తాం చూడండి, వేశాక కంటిని ముట్టుకుంటే తెలుస్తుంది గానీ నొప్పుండదు. అలా ఉంది నాలుగు నెలల నుంచి. ఫోటోలు పెట్టండి."

"పెట్టనా అండీ?"

"ఇప్పుడు కాదు. రేపెప్పుడైనా..."

"పెడుతున్నా."

"నా మాట వినవా నువ్వు?"

"ఈ ఒక్కసారికి వినను. సిస్టర్, ఇటు జరగండి, వెలుగు పడుతోంది స్క్రీను మీద. ఇది మొదటిది. ఐదూ యాభై రెండు. ఏం లేదు. ఇసకే. యాభై నాలుగు. యాభై ఆరు. అది ఏంటి, టవరు కాళ్ళ దగ్గర?"

"బండి."

"బండే. పక్కన నిలబడ్డాడు. యాభై ఎనిమిది, వంగి ఉన్నాడు. లాగుతున్నట్టున్నాడు."

"ఆరుకి?"

"ఆరుకీ అంతే. ఆరూ రెండు... నిటారుగా నిలబడ్డాడు. ఇటే చూస్తున్నాడంటారా?"

"పెద్దది చెయ్యండి."

"ముఖం తెలీదమ్మా. వెనకనుంచి ఎండ కదా. మనిషి నల్లగానే వస్తాడు."

"మీకాయన నల్లగా కనపడితే, ఆయనకి మీరెలా కనపడతారు సార్?"

"నేను... నేను బాగా కనపడతాను. దిబ్బ మీదున్నా, ఎండ నా మీద పడుతోంది. తెల్ల చొక్కా."

"ఆరూ నాలుగు. బండికి ఇవతలకి వచ్చాడు. ఆరూ ఆరు. ఇంకా ఇవతలకి."

"చంకలో హెల్మెట్."

"ఉంది. ఇప్పుడు నాకూ తెలుస్తోంది. ఆరూ ఎనిమిది. ఆరూ పది. సిస్టర్, ఈయన మన వైపే వస్తున్నాడు. పన్నెండు... లేడు."

"పల్లంలోకి దిగుంటాడు."

"పద్నాలుగు, లేడు. పదహారు. ఇదిగో. ఇదిగో చూడండి, అవతల దిబ్బ మీదికెక్కాడు."

"చెయ్యెత్తాడు."

"ఎత్తాడు. కుడి చెయ్యి. ఏవండీ, చెయ్యెత్తాడండీ ఆయన."

"చూస్తున్నా."

"సార్, మీ కారు ఎక్కడుంది అప్పుడు?"

"దిబ్బ వెనకాల. తూర్పు వైపు. ఆయనకి కనపడదు."

"అరిచాడా?"

"గాలి అటు వైపు కొడుతోంది. నా చెవిలో గాలి తప్ప ఏమీ లేదు."

"మీకు కనపడ్డాడా?"

"నేను వెలుగు చూసుకుంటున్నానమ్మా. ఆ వెలుగు నిమిషం ఉంటుంది. దానికోసం నెలలో రెండుసార్లు నూట ఇరవై కిలోమీటర్లు పోతా. సగం సార్లు ఉత్త చేతులతో వస్తా. ఆ నిమిషంలో ఇంకేమీ..."

"సరే సార్. అర్థమైంది."

"ఆరూ పద్దెనిమిది. ఇంకా దగ్గరికొచ్చాడు. ఇరవై. మళ్ళీ చెయ్యెత్తాడు. హెల్మెట్టే ఎత్తాడీసారి. ఇప్పుడు ఎంత ఉన్నాడో చూడండి, పెద్దది చేస్తే నా గోరంత. దూరమెంత ఉంటుందండీ?"

"కిలోమీటరు లోపే. ఇసకలో దూరం తెలీదు. దగ్గరే అనిపిస్తుంది, నడుస్తుంటే తరగదు."

"అందుకే."

"ఏంటి సిస్టర్?"

"అందుకే నీళ్ళు వదిలేశాడు. ఎదురుగా మనిషి కనపడుతున్నాడు. దగ్గరే కదా, పది నిమిషాల్లో పిల్చుకొచ్చి, ఇద్దరూ కలిసి బండి లాగొచ్చు అనుకున్నాడు. మళ్ళీ బండి దగ్గరికే వస్తాడు కదా, ఇంక సంచీ ఎందుకు, సీసా ఎందుకు. తాళం కూడా అందుకే తియ్యలేదు."

"అంతే. అంతేనమ్మా. ఇంకేమీ కాదు."

"కావాలని పోయేవాడు చెయ్యి ఎత్తడు."

"ఎందుకెత్తుతాడు? ఇంటికి రావాలనుకున్నవాడే ఎత్తుతాడు. సిస్టర్, ఈ ఒక్కటి పట్టుకెళ్ళి మీ అత్తగారి ముందు పెట్టండి. మీ ఆఫీసువాళ్ళ ముందు పెట్టండి. పాపకి చూపించండి. నేను ప్రింటు తీసిస్తా, పెద్దది. చెయ్యెత్తింది ఉంది చూడండి, అదే తీస్తా."

"రంగేమీ మార్చకండి."

"ముట్టుకోను. ఉతకని దుప్పటిలాగే ఇస్తా. ఏవండీ, మంచి పేపరు ఎక్కడ పెట్టారు, మందంది?"

"బీరువా కింద అరలో."

"మీరే తియ్యండి. నా మోకాళ్ళు వంగవు. ఏవండీ, మిమ్మల్నే. ఏంటలా కూర్చున్నారు?"

"తీస్తా."

"టవర్లు కూడా ఉండనివ్వండి అక్కా. పాపకి నంబర్లు తెలుసు. వాళ్ళ నాన్న నేర్పాడు."

"అన్నీ ఉంటాయి. పురుగు గీతలతో సహా."

ప్రింటరు నెమ్మదిగా కాగితాన్ని లోపలికి లాక్కుంది. ముందు ఆకాశం వచ్చింది, తర్వాత టవర్లు.

"ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోపు మిగతావి చూస్తారా? ఇక్కడితో ఆపేద్దామా?"

"చూస్తాను."

"ఆరూ ఇరవై రెండు. ఇక్కడ పక్కకి తిరిగాడు. ఇరవై నాలుగు, ఇదే మీ గోడ మీదది. ఎడమకి వెళ్తున్నాడు. వెలుగు ఇక్కడే బాగుంది, తర్వాతవాటిలో మబ్బు అడ్డమొచ్చేసింది. ఇరవై ఆరు, ఫోటో అంచుకి వెళ్ళిపోయాడు. ఇరవై ఎనిమిది... ఇంక లేడు. ఆ తర్వాతవి ఉత్త ఇసకే."

"వెనక్కి తిప్పండి. ఇరవైకి."

"ఇదిగో."

"ఇప్పుడు ఇరవై రెండు. మళ్ళీ ఇరవై. మళ్ళీ ఇరవై రెండు."

"ఏంటి సిస్టర్?"

"సార్, మిమ్మల్నొకటి అడగనా? తప్పుగా అనుకోకండి. మీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు గానీ, మీరక్కడ ఉండటం నాకు మంచిదే అయింది. ఆయన ఆఖరిసారి చూసిన మనిషి మీరే. మిమ్మల్ని చూసి కాసేపైనా ధైర్యంగా ఉండుంటాడు. ఎవరూ లేకుండా పోలేదు. నాకది చాలు, పాపకీ అదే చెప్తాను. ఇది ఒక్కటే మాత్రం అర్థం కాలేదు."

"ఏది?"

"పావుగంట పైన సూటిగా మీ వైపే నడిచాడు. దారి తప్పినవాడు అటూ ఇటూ చూస్తాడు, ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. ఆయన అలా చెయ్యలేదు. హెల్మెట్ ఎత్తి మీకు చూపించాడు. ఆ తర్వాత ఒక్కసారిగా ఎడమకి తిరిగి గబగబా వెళ్ళాడు. ఈ రెంటి మధ్య చూడండి ఎంత దూరం నడిచాడో. సందేహమే లేదు ఆయనకి. ఎవరో దారి చెప్తే సరేనని వెళ్ళినట్టు వెళ్ళాడు. దక్షిణానికి. అటు ఏముందనుకున్నాడు?"

"ఏదో వెలుగు కనపడుంటుంది సిస్టర్. ఎడారిలో ఏవేవో కనపడతాయంటారు. కదండీ?"

"అక్కడ ఏమీ కనపడలేదు."

"మీకెలా తెలుసు?"

"అమ్మా, ఆయన నా చెయ్యి చూశాడు."

"మీ చెయ్యా సార్?"

"నేనూ చెయ్యెత్తాను. ఎడమకి ఊపాను. రెండుసార్లు. ఆయన ఆగి చూశాడు, హెల్మెట్ ఊపి, అటు తిరిగాడు. థాంక్స్ చెప్తున్నాడనుకున్నా."

"అయితే దారి చెప్పింది మీరేనా? అటు రోడ్డుందనుకున్నారా సార్ మీరు?"

"దారి కాదమ్మా. ఫోటోకి అడ్డం వస్తున్నాడని పక్కకి పొమ్మన్నాను."